గుమ్మంలో అనకూడని మాట

గజపతినగరం,
12 నవంబరు 2024.

చిరంజీవి ఆమనిని మీ అత్త జగదీశ్వరి మొదట దీవించి, తరవాత చీవాట్లు పెట్టి రాస్తున్నది.

ఇటాలియన్ నోటి పరీక్ష తప్పావన్న సంగతి నాకు చెప్పడానికి నీకు ఇన్నాళ్ళు పట్టింది. ఫోను చేసినప్పుడల్లా "బాగానే ఉన్నానత్తా" అన్నావు. అందుకే ఇకమీదట మనిద్దరి మధ్య ఉత్తరాలు. ఫోన్లో అబద్ధమాడడం చాలా సులువు. చేత్తో రెండు పేజీలు రాయాలంటే అబద్ధానికి ఓపిక చాలదు. పైగా నీకు అక్షరాలు దిద్దించింది నేను. ఏ అక్షరం దగ్గర నీ చెయ్యి వణికిందో నాకు తెలుస్తుంది.

మీ నాన్న నౌపడ నుంచి ఫోను చేశాడు. ఆమని పరీక్ష పోయిందట కదా అన్నాను. "అది నువ్వు పెంచిన పిల్ల, నువ్వే కనుక్కో" అన్నాడు. తల్లి పోయిన పిల్లని నా దగ్గర దించిన నాడు కూడా ఇలాగే అన్నాడు. వాడి సంసారం వాడిది, వదిలెయ్. మనం మన సంగతి చూసుకుందాం.

వేసవిలోగా మళ్ళీ పరీక్ష ఉందన్నావు. ప్యాసయితే ఆ వృద్ధాశ్రమంలో నర్సు ఉద్యోగం ఖాయం, తప్పితే జూన్‌తో కాంట్రాక్టు అయిపోయి ఇంటికి. నువ్వు ప్యాసవాలి. నేను పెంచిన పిల్ల ఒక క్రియాపదం దగ్గర ఓడిపోయి తిరిగి రాకూడదు. నెగ్గి, కొన్నాళ్ళు చేసి, తలెత్తుకుని రా. ఎప్పుడొస్తావో మాత్రం రాయి.

నువ్వు పంపిన పుస్తకం పేజీలు జిరాక్సు షాపులో ప్రింటు తీయించాను. 'వెళ్ళడం' దగ్గరే నీ బండి ఆగిపోయిందన్నావు. అందారే అని మొదలుపెట్టి, 'నేను వెళ్తాను' అనేసరికి వాదో అయిపోతుందనీ, రెండింటికీ ముక్కూ మొహం కలవవనీ ఏడ్చావు. ఒసే, సంస్కృతంలో గమ్ ధాతువు గచ్ఛతి కాలేదా? దానికి ఎప్పుడైనా ఏడ్చామా? మీ తాత వేంకటాచలం గారు గుళ్ళో దీపాలకి ఒత్తులు చేసుకుంటూ నాచేత ధాతురూపాలు చెప్పించేవారు. ఎందుకలా మారిందని అడిగితే "అడక్కు, వల్లించు" అనేవారు. నువ్వూ అడక్కు, వల్లించు.

వాళ్ళ పుస్తకంలో వరస నాకు నచ్చలేదు. ముందు నేను, తరవాత నువ్వు, ఆఖర్న వాడు. ఎంతసేపూ ముందు తన గొడవేనా? మన పద్ధతిలో వాడు, నువ్వు, నేను. వా, వన్నో. వాయ్, అందాతే. వాదో, అందియామో. పొద్దున్న కూర తరుగుతూ నేను కూడా వల్లిస్తున్నాను. పక్క వాటా జగ్గమ్మ గోడ అవతలనించి విని గుమ్మం దాకా వచ్చింది.

"పంతులమ్మా, ఏటది? కొత్త మంత్రమా? జొరానికి పనిసేస్తాదా?" అని అడిగింది.

మా ఆమని చదువు అన్నాను. ఆమని ఎప్పుడొస్తాదని అడిగింది. వస్తాదిలే అన్నాను. ఆ మాట వినగానే ఎప్పటిలాగే కూరల గంప నెత్తికెత్తుకుని బజారుకి వెళ్ళిపోయింది. లోపలికి రమ్మంటే రాదు.

ఆ పుస్తకం రాసినవాడికి బొత్తిగా ఇంగితం లేదు. మొదటి వాక్యమే 'ఎక్కడికి వెళ్తున్నావు' అట. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే పని చెడుతుందని ఇక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు. దూరమా అని అడగాలి. ఆ వాక్యం కొట్టేశాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. వాదో అని పాఠంలో వల్లించు, పరీక్షలో చెప్పు. గుమ్మంలో నిలబడి మాత్రం అనకు. మనిషిని విడిచి వచ్చేటప్పుడు, అందులోనూ మంచాన ఉన్నవాళ్ళ దగ్గర, 'వెళ్తాను' అని ఊరుకోకూడదు. 'వెళ్ళొస్తాను' అనాలి. వాళ్ళ భాషలో ఆ రెండో ముక్క ఏమిటో కనుక్కుని అదే వాడు. ఎక్కడున్నా మన నోరు మనదే.

తలకి నూనె రాసుకుంటున్నావని నమ్ముతూ,
అత్త.


పియాచెంజా,
8 డిసెంబరు 2024.

అత్తకి నమస్కారాలు. దీవెనలూ చీవాట్లూ ఒకే కవరులో క్షేమంగా చేరాయి.

నీ ఉత్తరం గదిలో తలుపేసుకుని పైకి చదివాను. తెలుగు మాట నా చెవిన పడి చాలా రోజులైంది. నా గొంతే నాకు వేరేవాళ్ళది లాగా వినిపించింది. సగం చదివేసరికి ఏడుపొచ్చింది. అబద్ధం రాయొద్దన్నావు కనుక రాస్తున్నాను.

ఇక్కడ పొగమంచు. మన ఊళ్ళో మంచు పడితే బడి గంట కొట్టేలోపు ఎండ వచ్చేస్తుంది. ఇక్కడ మధ్యాహ్నం అన్నం వేళకి కూడా కిటికీ బయట తెల్లగోడలాగే ఉంటుంది. నాతో గదిలో ఉండే కేరళ అమ్మాయి వేరే ఊరికి మారిపోయింది. రెండో మంచం ఖాళీ. దాని మీద నా సూట్‌కేసు పెట్టాను, ఏదో ఒకటి ఉన్నట్టు ఉంటుందని.

నువ్వు వింటే తిడతావు, కాని వీళ్ళు 'బాగున్నావా' అని అడగడానికి కూడా ఈ క్రియనే వాడతారు. కోమే వా? అంటే ఎలా వెళ్తోంది అని. బేనే అనాలి. అడిగినవాళ్ళు జవాబు కోసం ఆగరు, అంటూనే దాటిపోతారు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎంతమందికో బేనే బేనే అంటాను. మాట్లాడని రోజు ఉండదు. కాని మాట్లాడినట్టూ ఉండదు.

ఒక్కరు మాత్రం అడిగి ఆగుతారు. రెండో అంతస్తులో రోజెత్తా అని ఒక పెద్దావిడ ఉన్నారు. వయసులో ఉండగా టోపీలు కుట్టేవారట, వేళ్ళు ఇంకా చురుగ్గా ఉంటాయి. కొడుకు టొరీనోలో ఉంటాడు, ఎప్పుడో తప్ప రాడు. నాకు పాఠం చెప్పేది ఈవిడే. నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని ఒక్కో రూపానికి ఒక్కో వేలు మడిపిస్తుంది. నీ వరసలో వా, వన్నో అని మొదలుపెడితే నవ్వింది. ఎదురుగా లేనివాళ్ళ గొడవ ముందెందుకు, నువ్వు ఉన్నావు, నేను ఉన్నాను, అది చాలదా అంది. ఆవిడకి ఏమని చెప్పాలో నీకు తోస్తే రాయి.

నువ్వు చెప్పకముందే నాకు ఆ ఇబ్బంది ఎదురైంది. డ్యూటీ దిగేటప్పుడు ఆవిడ దుప్పటి సర్దుతుంటే, "వాయ్?" అంటుంది. వెళ్తున్నావా అని. వాదో అనాలి, రెండక్షరాలు. నోరు తెరుస్తాను, రాదు. మంచం మీద ముసలావిడ, నేను గుమ్మంలో, ఎలా అంటాను? అందుకని తోర్నో అంటున్నాను. తిరిగి వస్తాను అని అర్థం. ఆ మాటకి ఆవిడ మొహం ఎంత తేటపడుతుందో నువ్వు చూడాలి. నీ ఉత్తరం వచ్చాక ధైర్యంగా అంటున్నాను. వీధి తలుపు దగ్గర కాపలా అతనికి కూడా తోర్నో అనే చెప్తున్నాను. అతను నవ్వుతాడు.

ఎప్పుడొస్తావని అడిగావు. పరీక్ష అవనీ అత్తా, అప్పుడు చూద్దాం.

తలకి నూనె రాసుకుంటున్నాను. కొబ్బరినూనె గడ్డకట్టింది, సీసా హీటరు మీద పెట్టి కరిగిస్తున్నాను.

నీ ఎర్ర సిరా దిద్దుబాట్ల కోసం,
ఆమని.


గజపతినగరం,
3 జనవరి 2025.

ఆమనికి అత్త సంతోషపడి రాస్తున్నది. ఈసారి చీవాట్లు లేవు, అలవాటు పడకు.

తోర్నో సంగతి చదివి నా కడుపు నిండింది. బడిలో తొమ్మిదో తరగతి వాళ్ళకి చెప్పాను. మన అమ్మాయి అంత దూరాన వాళ్ళ భాష మాట్లాడుతూ మన మర్యాద తప్పలేదని. స్టాఫ్‌రూములో కూడా చెప్పాను. లెక్కల మాస్టారు ఆ మాట రెండుసార్లు అనిపించుకుని, సాయంత్రం ఇంటికి వెళ్తూ నాకు తోర్నో చెప్పాడు. అదీ నీ ప్రతాపం.

రోజెత్తమ్మ గారికి నా జవాబు చెప్పు. ఎదురుగా ఉన్నవాళ్ళ గొడవ ముందు చూసుకోవడం అందరూ చేసేదే. లేనివాళ్ళని ముందు తలుచుకోవడమే పెద్దరికం. మా ఇంట్లో ఏ పండగకైనా మొదటి విస్తరి లేనివాళ్ళకే.

కొత్త పాఠం. జరిగిపోయిన కాలం. మగవాడు వెళ్తే అందాతో, ఆడది వెళ్తే అందాతా. గతః, గతా మనకి ఉన్నవే కనుక ఇది నీకు ఉగ్గుపాలతో సమానం. వాక్యాలు రాసి పంపు. కాని 'ఆమె వెళ్ళిపోయింది' అన్న వాక్యం రాయకు. వేరేదేదైనా రాయి.

పరీక్ష అవగానే వస్తానని రాశావు కనుక మీ నాన్నకీ, జగ్గమ్మకీ అదే చెప్పాను. జగ్గమ్మ తల ఊపి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆవిడకి నీమీద ప్రేమ లేదేమోనని నాకు ఒక్కోసారి అనుమానం. నువ్వొస్తున్నావంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు.

చలి బాగా ఉంటే సూట్‌కేసు తీసేసి ఆ రెండో మంచం పరుపు కూడా నీ మంచం మీద వేసుకో.

నీ రాకకి ఇంకెంతో లేదనుకుంటూ,
అత్త.


పియాచెంజా,
19 జనవరి 2025.

అత్తా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను. నమస్కారాలు కూడా సరిగా రాయలేకపోతున్నాను, ఏమీ అనుకోకు.

రోజెత్తా గారు పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఉన్నారు. దానికి కారణం నేను.

నాకు తెలియని సంగతి ఒకటి ఇన్నాళ్ళూ జరుగుతూ ఉంది. నేను తోర్నో అని చెప్పి వచ్చాక ఆవిడ పడుకునేది కాదట. కోటు వేసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, లిఫ్టు ఎదురుగా కుర్చీలో కూర్చునేదట. సూపు తెస్తే, ఆ పిల్ల వస్తానంది, వచ్చాక ఇద్దరం తింటాం అనేదట. నా సెలవు రోజుల్లో కూడా అలాగే కూర్చునేదట. మిగతావాళ్ళు ముసలావిడ చాదస్తం అనుకున్నారు. మొన్న నేను సెలవులో ఉన్న రోజు లిఫ్టు తలుపు తెరుచుకుంది. నేననుకుని గబుక్కున లేచింది. లిఫ్టులో ఉన్నది బట్టల బండి.

పెద్ద నర్సు మారీసా నన్ను పిలిచి, ఆవిడకి ఏం చెప్పి వెళ్ళావని అడిగింది. తోర్నో అన్నానని చెప్పాను. సెలవు మీద వెళ్తూ అలా ఎందుకన్నావంది. మా ఊళ్ళో వెళ్తాను అనకూడదు, వస్తాను అనాలి అన్నాను. అది వట్టి మర్యాద మాట అని చెప్పడానికి నాకు వచ్చిన ఇటాలియన్ అంతా వాడాను. ఆవిడ కోప్పడలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"మరి మీ ఊళ్ళో విన్నవాళ్ళు ఎదురుచూడరా?"

ఇప్పటికీ ఆ ప్రశ్న నాతోనే తిరుగుతోంది.

నన్ను రెండో అంతస్తు నుంచి తీసేసి దుప్పట్లు మడతపెట్టే గదిలో వేశారు. పరీక్షకి కూర్చోనిస్తారో లేదో పైవాళ్ళు తేలుస్తారట. ఆ గదిలో కిటికీ లేదు. యంత్రాల చప్పుడు తప్ప మనిషి మాట లేదు. మడతపెడుతూ వల్లిస్తున్నాను, వాదో, వాయ్, వా. ఇప్పుడు తడుముకోకుండా వస్తోంది. ఎవరితో అనాలి?

ఆమని.


గజపతినగరం,
8 ఫిబ్రవరి 2025.

నా తల్లి ఆమనికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు బడికి వెళ్ళలేదు. కిటికీ లేని గదిలో దుప్పట్లు మడతపెట్టడానికా నిన్ను నర్సింగు చదివించింది? ఆ మారీసాకి తెలుగు వస్తే నేనే ఒక ఉత్తరం రాసి కడిగేద్దును. లిఫ్టు ఎదురుగా ముసలావిడ కోటు వేసుకుని కూర్చుంటే అందరూ చూస్తూ దాటిపోయారు, తప్పు మాత్రం మంచిమాట అన్న పిల్లదా?

ఆవిడ అడిగిన ప్రశ్నకి నువ్వు జవాబు చెప్పలేకపోయావు. నేను చెప్తాను. ఎదురుచూడక ఏం చేస్తారు? ఎదురుచూడడానికే కదా ఆ మాట. వెళ్ళేవాళ్ళు ఆ ఒక్క ముక్క చేతిలో పెట్టకపోతే, ఉండిపోయినవాళ్ళు దేన్ని పట్టుకుని పొద్దుపుచ్చాలి?

నువ్వు విజయనగరంలో చదివే రోజుల్లో సాయంత్రం రాయగడ వెళ్ళే బండికి వచ్చేదానివి. ఇప్పటికీ ఆ బండి కూత వినగానే నా చెయ్యి దానంతటదే ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం వేస్తుంది. ఇది వెర్రి అని నాకు తెలుసు. పొద్దున్న ఆ అన్నం నేనే తింటాను, చద్దన్నం ఒంటికి మంచిదే.

ఇంక అసలు సంగతి. వాళ్ళు పరీక్షకి కూర్చోనివ్వకపోతే మానె. పంపేస్తే పంపెయ్యనీ. దేవుడు ఏదో ఒక దారిన నిన్ను ఇంటికి చేరుస్తున్నాడనుకుంటాను. నేను ఊరుకోలేదు. నీ గదికి సున్నం వేయించాను. దోమతెర ఉతికి కట్టాను. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో నర్సుల పెద్దావిడ నా పాత విద్యార్థిని, జూన్‌లో చేర్చుకుంటానంది. నిన్ను అడక్కుండానే సరేనన్నాను. ఇంటాయన కూర్మయ్య, మేడమీద ఒక్క గది ఉంది, ఎండాకాలం గాలి వస్తుంది, ఒక్క మనిషికి చాలు, మారండి అంటున్నాడు. మేం ఇద్దరం అని చెప్పి పంపేశాను.

పాఠం వల్లించడం మానేశాను. ఇంక ఆ వెళ్ళడంతో మనకేం పని? నువ్వు కూడా మానెయ్. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుని వచ్చెయ్.

చాలా రోజులకి హాయిగా నిద్రపోతున్న,
అత్త.


పియాచెంజా,
12 మార్చి 2025.

అత్తకి,

నీ జనవరి ఉత్తరం, ఫిబ్రవరి ఉత్తరం రెండూ నా ముందున్నాయి. మొదటిదాంట్లో నా తోర్నో గురించి బడంతా చాటావు. అది నాకు చేరేనాటికి రోజెత్తా గారు ఆసుపత్రిలో ఉన్నారు. చదవలేక దాచేశాను. ఇవాళ రెండూ కలిపి చదివాను. పరీక్ష అవనీ, అప్పుడు చూద్దాం అని నేను రాస్తే, పరీక్ష అవగానే వస్తుందని నువ్వు చదువుకున్నావు. తప్పు నీది కాదు. నేనే సూటిగా రాయలేదు. ఇప్పుడు రాస్తాను. నిదానంగా చదువు.

నన్ను పరీక్షకి కూర్చోనిచ్చారు. ప్యాసయ్యాను. ఎదురుగా ముగ్గురు కూర్చుని, నిన్న పొద్దున్నించి ఏం చేశావో చెప్పమన్నారు. ఎక్కడెక్కడికి వెళ్ళానో అంతా చెప్పాను, ఎక్కడా ఆగలేదు.

అదే వారం రోజెత్తా గారిని ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. దుప్పట్ల గది నుంచి మారీసాని బతిమాలుకుని వెళ్ళాను. చాలాసేపు కూర్చున్నాం. ఆవిడ ఇంకా చిన్నదైపోయింది. నా వేళ్ళు మడిచి మళ్ళీ పాఠం అప్పజెప్పించుకుంది. లేచేటప్పుడు, తిరిగి వస్తావా అని అడిగింది. కోటు కుర్చీ మీదే ఉంది అత్తా. నేను ఏమంటే ఆవిడ దాన్ని తొడుక్కుంటుందో నాకు తెలుసు.

"వాదో," అన్నాను. వెళ్తున్నాను. ఇవాళ ఇంక రాను, రేపు సెలవు, రేపు కూడా రాను, ఎల్లుండి పొద్దున్న మాత్రం వస్తాను అని ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

ఆవిడ నా చెయ్యి వదిలేసింది. మొహం గోడ వైపు తిప్పుకుంది. నేను వరండాలో నిలబడి ఏడ్చాను. ఎంత పాపిష్టి పని చేశానో అనిపించింది. కాసేపటికి లోపలినించి గంట మోగింది. ఆయా వెళ్ళి వచ్చి, సూపు తెమ్మంటోంది, కోటు తీసి బీరువాలో పెట్టమంటోంది అని చెప్పింది. సూపంతా తాగి పడుకుందట. చెప్పినట్టే మూడోనాడు నేను వెళ్ళేసరికి తల దువ్వుకుని కూర్చుంది, కాస్త ఆలస్యమయ్యావని తిట్టింది. మారీసా నన్ను మళ్ళీ రెండో అంతస్తుకి వేసింది.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు రాసిన ఆ గుప్పెడు బియ్యం దగ్గర ఎన్నిసార్లు ఆగానో చెప్పలేను. అత్తా, విశాఖ ఎయిర్‌పోర్టులో నేను నీకు వెళ్ళొస్తాను అన్నాను. అందరూ అనేదే కదా అని అన్నాను. నువ్వు మాత్రం దాన్ని పట్టుకుని కూర్చున్నావు. నీకు కోటు ఒక్కటే లేదు.

నాకు ఉద్యోగం ఖాయమైంది. కాగితాల మీద సంతకం పెట్టాను. వచ్చే ఏడాది సెలవు పెట్టి నిన్ను చూడడానికి వస్తాను. ఉండడానికి రాను. విజయనగరం ఆసుపత్రి ఆవిడకి ఆ మాట చెప్పెయ్.

ఇక్కడ సుఖంగా ఉందని కాదు. ఒంటరిగానే ఉంది. సాయంత్రం గది తలుపు తాళం తీయడానికి భయమేస్తుంది ఒక్కోసారి. కాని ఈ పని నేను సొంతంగా నేర్చుకున్నాను అత్తా. ఆ అంతస్తులో నన్ను తల్లి పోయిన పిల్ల అని ఎవరూ జాలిపడరు. నర్సు ఎక్కడ అని అడుగుతారు. నేను అక్కడ ఉంటాను. అది నాకు కావాలి. నువ్వు తప్ప ఇంకెవరైనా అయితే ఈ మాట చెప్పకుండా ఏళ్ళు గడిపేద్దును.

నేను వెళ్తున్నాను అత్తా. నాకోసం ఎసట్లో బియ్యం వెయ్యకు.

ఆమని.


గజపతినగరం,
6 ఏప్రిల్ 2025.

ఆమనికి,

నీ ఉత్తరం చదివి చించేద్దామనుకున్నాను. చించలేదు. రెండు రోజులు నీమీద కోపంతో ఉన్నాను. పెంచినదాని మొహాన అంత మాట రాస్తుందా అని ఒళ్ళు మండిపోయింది. ఎయిర్‌పోర్టులోనే చెప్పి ఉండాల్సింది అనుకున్నాను. చెప్తే విమానం ఎక్కనిచ్చేదాన్నా? ఎక్కనిచ్చేదాన్ని కాదు. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నిన్న సాయంత్రం బండి కూసింది. చెయ్యి బియ్యం డబ్బాలోకి వెళ్ళింది. కాసేపు అలాగే ఉంచి, వెనక్కి తీసుకున్నాను. దానికే నాకు ఏడుపొచ్చి, పొయ్యి దగ్గరే కూలబడి గట్టిగా ఏడ్చాను. గోడ అవతలికి వినపడింది. జగ్గమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏటయింది పంతులమ్మా? ఆమని ఎప్పుడొస్తాది?" అంది.

ఎప్పటి మాటే నోటి దాకా వచ్చింది. అనలేదు.

"రాదు జగ్గమ్మా," అన్నాను. "ఎల్లిపోయింది. అక్కడే ఉంటాది."

గంప ఎత్తుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. ఆవిడ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి. వచ్చి నా పక్కన నేలమీద చతికిలపడింది. అప్పుడు చెప్పింది.

"మా పోతురాజు సెన్నై పనికెల్లి, అక్కడే ఇంకో దాన్ని కట్టుకున్నాడు పంతులమ్మా. ఊరోలు అడిగితే వస్తాడనే సెప్తన్నాను. నువ్వు వస్తాదిలే అన్నపుడల్లా నాకు గుండె పట్టీసినట్టుండేది. అందుకే నిలబడేదాన్ని కాదు. ఆడు రాడు."

ఆ పోతురాజు ఆవిడ మొగుడు. కూలి పనులకి వెళ్ళాడు, ఊళ్ళు తిరుగుతుంటాడు, వస్తాడు అనే ఇన్నాళ్ళూ విన్నాను. మధ్యలో ఒక్క గోడ పెట్టుకుని ఇద్దరం ఒకే మాట అబద్ధంగా చెప్పుకుంటూ బతికాం. ఆవిడ ఏడవలేదు, చెప్పేసి కొంగుతో నా మొహం తుడిచింది. తరవాత తన వాటాలోంచి ఎండుచేప పులుసు తెస్తానని లేచి, నేను తిననని గుర్తొచ్చి, మళ్ళీ కూర్చుంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నా చారే పోసుకుని తిన్నాం. వంకాయ కూర ఉప్పు తక్కువైందని నన్ను తప్పుపట్టింది. వంట గురించి నన్ను ఎవరూ ఏమీ అని చాలాకాలమైంది.

నువ్వు చేసింది మంచిదని ఇప్పుడే ఒప్పుకోను. కోపం ఇంకా ఉంది, కొన్నాళ్ళు ఉంటుంది. ఆ కోపం పోయేదాకా ఉత్తరాలు పొట్టిగా ఉంటాయి.

నువ్వు రానన్నావు. నేను విన్నాను. ఇంక ఎప్పుడొస్తావని అడగను. ఈ పూట ఏం వండుకున్నావో రాయి.

అత్త.